మూడో గడి

పద్నాలుగో నంబరు గదిలో నా కుర్చీకి ఒక కాలు పొట్టి.
డాక్టరు గారిది కాకినాడ వైపు.
వచ్చేవాళ్లది యాదమరి, బంగారుపాళ్యం, గంగాధర నెల్లూరు.
నడుమ నేను, మాటలు మోసే మనిషిని.
తిరుపతిలో రెండేళ్లు సైకాలజీ చదివి
నోటుబుక్కుతో చిత్తూరు ఆసుపత్రికి వచ్చినదాన్ని.

నోటుబుక్కులో ఎడమ గడి ఇంగ్లీషుది,
కుడి గడి పుస్తకాలిచ్చిన తెలుగుది:
అచేతనం, ప్రక్షేపణ, ద్వైధీభావం.
ఇస్త్రీ చేసి మడతపెట్టిన బట్టలు.
ఎవరూ తొడుక్కోగా చూడలేదు.

మొదటి వారం ఒక పెద్దాయనతో అన్నాను,
"మీకు ఇన్‌సైట్ ఉంది, మంచిదే."
ఆయన మొగం పాలిపోయింది.
"మాత్రలతో పోతాదా మేడం, ఆపరేషన్ చేయాల్నా?"

ఆటో నడిపే పిల్లోడు వాళ్ల నాయనకు ఈగో జాస్తి అన్నాడు.
నేను చదివిన ఈగో పాపం
ఓనరుకీ అద్దెవాళ్లకీ మధ్య నలిగే వాచ్‌మన్.
ఇక్కడికొచ్చి ఎప్పుడు పెత్తందారైందో.

వల్లెమ్మకు రెండు ఆవులు.
పోయినేడు వాళ్లక్క కడుపునొప్పి అంటే
"రేపు పోదాంలే ఆసుపత్రికి" అన్నింది.
రేపటికి అక్క లేదు.
ఆ ఒక్క మాట, రేపు పోదాంలే,
రేయంతా లోపల తిరగతానే ఉందంట.

డాక్టరు ఫైల్లో రాశారు: రూమినేషన్.
"ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి."
పుస్తకం అతిచింతన అంటోంది.
నాకు అంతకంటే మంచిది దొరికింది, ఆవులామెకు ఆవు మాట!
"మనసు నెమరేస్తా ఉంది వల్లెమ్మా."

పొదుగు పట్టడం రాని పిల్లని చూసినట్టు చూసింది.
"మా ఆవు నెమరేస్తే పాలైతాది మేడం.
కండ్లు సగం మూసి అది నెమరేస్తా ఉంటే
చూసేవాళ్లకే నెమ్మది.
ఇది నెమరా?
గింజ లేని ఇసుర్రాయి ఇది.
రాయిని రాయి తింటాది."

డాక్టరుకు చెప్పాను.
పెన్ను ఒక క్షణం ఆగి, మళ్లీ కదిలింది.
ఫైలుకి ఒక్క మాటే ఎక్కుతుంది.

ఆ రాత్రి స్కేలు వెతికి మూడో గడి గీశాను.
డిసోసియేషన్ పక్కన ఒక కండక్టరు మాట:
"నేను దిగేసినా, బస్సు పోతానే ఉంది.
లోపల నా మాదిరే ఎవురో టికెట్లు కొడతా ఉండాడు."
ఏ భావమూ పలకని మొగానికి ఒక అవ్వ, మనవణ్ణి చూపించి:
"ఇంటి తలుపు తెరిచే ఉంది, లోపల ఎవురూ లేరు."
క్లోజర్ పక్కన ఇప్పటికీ ఖాళీ.
ఆ మాట ఈ జిల్లాలో ఎవరికీ అవసరం పడలేదో,
దొరకలేదో.

"చెయ్యి ఇరిగితే పుత్తూరుకు పోతాం, కట్టు కడతారు.
దీనికి యాడ కడతారు?" అని అడిగినాయన పేరు రాసుకోలేదు.
కట్టు ఎముకను అతికించదు, కదలకుండా పట్టుకుంటుంది.
పేరు చేసేదీ అంతేనేమో.
ఆయనకు చెప్పాలనిపించింది. మందుల వరసలోకి వెళ్లిపోయాడు.

సాయంత్రం తిరుపతి బస్సులో, పూతలపట్టు దాటాక
ఫోను తీస్తాను. మా అన్న నంబరు పైకి జరిపి
వేరే ఏదో చూస్తాను. ఏడు నెలలు.
దీన్నేమంటారో నాకు తెలుసు.
పరీక్షలో అయిదు మార్కులకు రాశాను,
ఉదాహరణతో సహా.

మూడోసారి వచ్చినప్పుడు వల్లెమ్మ కూచోకముందే చెప్పింది:
"మొన్న రేయి ఆగింది మేడం. సద్దు లేదు.
సద్దు లేదని దిగ్గున లేచి కూసున్నా. మళ్లా మొదలైంది."
ఎంతసేపాగిందని డాక్టరు అడిగించారు.
"ఆవు ఈగను తోలుకునేంత సేపు."

ఆయన రాశారు, ఇంగ్లీషులో, స్వల్ప మెరుగు అని.
వల్లెమ్మ బల్ల మీదికి వంగింది,
చదవలేని అక్షరాల కేసి.
"ఏమి రాసినాడు?"

చదివి చెప్పాను:
ఇసుర్రాయి కాసేపు నిలబడింది అని.