ఒక్క అక్షరం

సుల్తాన్ బజార్ల సగం బోర్డులు నాయినవే.
పెయింటర్ బాలకిషన్ సున్న చుడితే
దాంట్ల గోలి తిరిగేది.

ముందుగాల టర్పెంటైన్ వాసన పోయింది,
జలుబనుకున్నం.
తర్వాత అక్షరాలు చిన్నగైనయి:
మూరెడెత్తు మొదలైన పేరు
బోర్డు చివరికి చీమలబారు.

తార్నాక డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపింది.
మెదడు నడుమ ఇంత నల్లటి చోటుంటదట,
చెయ్యిని కదిలించే మందు ఆడనే తయారైతదట.
నాయినకు ఆ నలుపు వెలుస్తున్నది,
పడమటి ఎండ తగిలిన బోర్డు లెక్క.

ఎందుకొచ్చిందంటే,
కోట్ల అక్షరాల్ల ఒక్కటి తప్పు పడ్డదన్నది.
తాత చెయ్యి గూడ ఊగేది,
కల్లనుకున్నరు.

నాయిన నవ్విండు:
"మా నాయిన బ్రష్షు పట్టుడు నేర్పిండు గని
ప్రూఫు చూడలే."

నా రక్తం గూడ ఇచ్చిన.
సగానికి సగం,
ఉన్నా రావాలని లేదు, అన్నది.
కవరు ఫ్రిజ్ మీదనే ఉంది.

ఈ పొద్దు గోడ మీద నా పేరు రాసిండు, ఇందుమతి.
'ఇ' జానెడు, 'తి' నువ్వుగింజంత.
దిద్దుతనంటే చెయ్యి పట్టుకున్నడు,
రెండు చేతులూ ఊగినయి.

"తడి ఆరనియ్యి బిడ్డా."