ఆకుపచ్చ సిరా

తుఫాను వెళ్ళిన తొమ్మిదో రోజు
మహారాణిపేటలో ఆ ఆఫీసు మెట్లెక్కాను.
సంచీలో టిఫిన్ డబ్బా, ఆడిట్ వాళ్ళ ఆకుపచ్చ సిరా పెన్ను.
కిటికీలోంచి చూస్తే కైలాసగిరి
మాడిన అట్లపెనంలా ఉంది.
ఒక్క చెట్టుకీ ఆకు లేదు.
ఆ వారం ఊళ్ళో మిగిలిన పచ్చదనం
నా పెన్నులోదే.

రికార్డు రూము అసిరయ్య తాళం తీస్తూ అన్నాడు:
"ఇల్లు కాలిపోనాక
బొగ్గులు లెక్కెట్టడానికొచ్చినారేటమ్మా?"

నిజమే అసిరయ్యా.
ఏ దూలం ముందు అంటుకుందో
బొగ్గునే అడగాలి.

విపత్తు పునరుద్ధరణ ప్రణాళిక,
నూట పన్నెండు పేజీలు, స్పైరల్ బైండింగు.
అట్ట మీద డాల్ఫిన్ నోస్
ఎండలో మెరుస్తోంది.
ఆరో పేజీలో అత్యవసర ఫోన్ నంబర్లు.
ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను.
మొదటిది మోగలేదు.
రెండోది గాజువాకలో పెయింట్ల షాపు.
మూడోది ఒకావిడ ఎత్తింది:
"ఆయన పోయి రెండేళ్ళయిందండీ.
ఏమైనా చెప్పాలా?"
రాంగ్ నంబరన్నాను.
నా నోట్‌లో రాయనిది అదొక్కటే.

జనరేటర్ ఉందా? ఉంది, సెల్లార్లో.
ఏ వానకైనా నీళ్ళు ముందు దిగే చోట.
పుస్తకం ప్రకారం నెలకి ఇరవై లీటర్ల డీజిల్ తాగింది,
దాని మీటరు మాత్రం
పుట్టిన్నుంచీ పదకొండు గంటలే బతికానంటోంది.

బ్యాకప్? ఉంది మేడం.
ఎక్కడ?
అదే గదిలో, అదే బీరువాలో, పై అరలో.
మరి నీళ్ళొస్తే?
అందుకే కదండీ పై అర.

ఆ రాత్రి వాన కిందినుంచి రాలేదు.
గాలి రేకుల్ని ఎత్తుకుపోయాక
తీరిగ్గా పైనుంచి దిగింది.

మధ్యాహ్నం పెద జాలరిపేటనించి
సూరాడ పోలమ్మ వచ్చింది.
పరిహారం జాబితాలో నలభై మూడు వేలిముద్రలు,
అద్దం పెట్టి చూస్తే అన్నీ ఒకే బొటనవేలు.
ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు.
"రిజిస్టర్ ముద్దయిపోయిందంటన్నారు.
కాయితం తడిసిపోతే
నా పడవ లేనట్టేనేటమ్మా?"

ఆమె పడవ రెండుసార్లు మునిగింది,
ఒకసారి సముద్రంలో,
ఒకసారి బీరువాలో.
రెండోదానికి గాలి బాధ్యత ఏమీ లేదు.

అభ్యంతరం రాయడానికి
పోయినేడు నేనే రాసిన పేరా కావాల్సొచ్చింది:
'రికార్డుల నకళ్ళు వేరే ఊళ్ళో భద్రపరచవలెను.'
దాని నకలు కోసం సాయంత్రం మా ఆఫీసుకెళ్ళాను.
మా గదిలో, మా బీరువాలో,
పై అరలోనే ఉంది
తడిసిన అప్పడంలా.

డాబా మీద తాడు కట్టి
బట్టల క్లిప్పులు పెట్టి
నా నివేదికని పేజీ పేజీ ఆరేశాను.
ఆకుపచ్చ సిరా కరిగి
'వేరే ఊళ్ళో' అన్న మాట దగ్గర
చిగురేసినట్టు పాకింది.
పక్క డాబా మీది పిల్లాడు అడిగాడు,
ఆంటీ, మీది కూడా మునిగిందా?

మొదటి అభ్యంతరం మా మీదే రాశాను.
పై అధికారికి నచ్చలేదు, కొట్టేయనూ లేదు.
పక్కన పెన్సిల్‌తో 'చూడుడు' అని రాశాడు.
ఎవరు చూడాలో రాయలేదు.

పోలమ్మ ఫైలు ఇంకా పరిశీలనలో ఉంది.
ఏటా జనవరిలో ఒక జ్ఞాపిక పంపుతాను.
ఏటా జవాబొస్తుంది,
'విషయము గమనించబడినది'.

నాలుగేళ్ళకి మళ్ళీ
హార్బర్లో ప్రమాద సూచిక ఎగరేసిన రాత్రి
కరెంటు పోయిన చీకట్లో
అసిరయ్య ఫోను.
"జనరేటర్‌ని మీ మాట మీద
రెండో అంతస్తు కెక్కించినారు కదమ్మా,
ఒకటే రొద. కన్ను మూతపడితే ఒట్టు.
మీరే ఏదో ఒకటి రాయాల."

రాస్తాలే అన్నాను.
ఫోను పెట్టేయకుండా
ఆ రొద వింటూ చాలాసేపు కూర్చున్నాను.