ఏడో మెట్టు

తిబిలిసిలో, మ్యూజియం నేలమాళిగలో,
గాజు పలకల మధ్య ముప్పై నాలుగేళ్లు.
చేతికి తెల్ల తొడుగు, కంటికి భూతద్దం,
మోకాళ్లకు చలి.
పలక పగిలితే ఊరు పగిలినట్టేనని
మొదటి రోజే హెచ్చరించాడు ముసలి వాఖుష్టి.
హెచ్చరించి, ఆ మధ్యాహ్నమే
తనే ఒకటి జారవిడిచాడు.

నేను చదివిన గుడి ఇప్పుడు లేదు.
సగం భూకంపం తింది.
మిగిలిన రాళ్లు కొండమీద
గొర్రెల దొడ్లకు గోడలయ్యాయి.
ఉన్నవి రెండే సాక్ష్యాలు:
ఇలారియోన్ పెన్సిల్‌తో గీసిన బొమ్మ,
పదహారేళ్ల తర్వాత ఎవరో తీసిన ఫోటో.
బొమ్మలో వాకిలికి ఏడు మెట్లు.
ఫోటోలో ఆరు.

చేతి కన్నా కెమెరాను నమ్మే వయసు నాది.
"చిత్రకారుడు లెక్క తప్పాడు" అని అచ్చు వేయించాను.
ఆ ఒక్క వాక్యంతోనే ఉద్యోగం ఖాయమైంది.
పోయినవాడు పేచీకి రాడు కదా.

మొన్న ఫిబ్రవరిలో, స్కానింగుకు ముందు,
పలక అడుగు అంచున అంటించిన నల్ల కాగితం
దానంతటదే పెచ్చులా లేచింది.
ఊపిరి బిగబట్టి ఒలిచాను.
కింద, ఏడో మెట్టు.
మెట్టు మీద ఒకామె,
తలగుడ్డ భుజానికి జారి,
బిడ్డకు పాలిస్తూ
కెమెరాను కాదు, బిడ్డ చెవిని చూస్తోంది.
నెగటివ్ కదా, ఆమె రొమ్ము నలుపు,
నీడలన్నీ తెలుపు.
ఒక కాలికి చెప్పు లేదు.

శాస్త్రానికి అడ్డమని ఆమెను కప్పేశాడు ఫోటోగ్రాఫర్,
ఆమెతో పాటే మెట్టునూ.
ఇలారియోన్ మెట్టు గీశాడు,
ఎవరు కూర్చుని అరిగిపోయిందో గీయలేదు.
నేను ఇద్దరినీ కొలిచాను.
స్కేలు పెట్టి, మిల్లీమీటర్లలో.

తప్పు ఒప్పుకుంటూ రెండు పేజీలు రాస్తే
పత్రిక అర పేజీ ఇచ్చింది.
మా జాబితాలో ఆమెకు గడి లేదు:
కట్టడం, కాలం, దిక్కు, కొలమానం, అంతే.
సిరా ఆరిపోయేదాకా కలం పట్టుకుని కూర్చుని
కొలమానం గడిలో రాశాను:
"ఒక తల్లి, కూర్చున్న ఎత్తు."

కొట్టేయమంటాడు మాల్ఖాజ్, మా కొత్త అధికారి.
వచ్చే నెల నేను వెళ్లిపోయాక
నీ ఇష్టం అన్నాను.

ఈలోగా, ఇంకా తెరవని పెట్టెలు పదకొండు.
వాటిలో ఎక్కడైనా
ఆ రెండో చెప్పు ఉందేమోనని వెతుకుతున్నాను.