ఇరవైమూడో ఫ్రేము

మంగళవారం రాత్రి పదకొండింటికి ప్రెస్సు వ్యాను వస్తుంది.
తొమ్మిదైనా ముఖచిత్రం లేదు.

గ్లాస్గోలో నవంబరు.
అద్దాల మీద వాన, గదిలో కరిగిన మైనం వాసన,
కింద దీపం వెలిగే గాజుబల్ల మీద
నా చేతులు ఎవరివో తెల్లటి చేతుల్లా ఉన్నాయి.

టార్కిల్ తెచ్చిన షీటులో ముప్ఫై ఆరు బొమ్మలు, గోరంతేసి.
భూతద్దం ఆనించి ఒక్కోదాని మీదా వంగాను.
పాడుతున్న బొమ్మల్లో పాట లేదు.
మైకు అడ్డొచ్చింది, లేదా కళ్ళు మూతపడ్డాయి,
లేదా గాయకుడికి పన్నునొప్పేమో అనిపించేలా ఉన్నాడు.
ఇరవైమూడో దాంట్లో మాత్రం
నోరు బావిలా తెరుచుకుని
మెడ మీద నరాలు తేలి

"ఇదిగో కేక" అన్నాను.

"ఆవులింత" అన్నాడు టార్కిల్, తడికోటు విదిలిస్తూ.
"మైకులు సరిచూసుకునే ముందు తీశాను.
డండీ నుంచి రాత్రంతా వ్యానులో వచ్చారు, పాపం."

మా ఎడిటరు పెట్టిగ్రూకి గిటారు మోతంటే తలనొప్పి.
వాళ్ళ నాన్నది చేపల కొట్టు.
"చేపని కన్ను చూసి కొంటారు ఇష్‌బెల్, చెవి చూసి కాదు.
స్టేషన్ బడ్డీలో మన మీద ఇంకో నాలుగు పత్రికలు వాలతాయి.
పై జానెడే కనపడుతుంది.
ఆ జానెడులోనే కాలరు పట్టుకోవాలి."

సరే.
బొమ్మని ఏడు డిగ్రీలు వంచాను. నేల జారినట్టయింది.
నుదురు కోసేశాను, కళ్ళు జానెడులోకి ఎక్కాయి.
వెనక టీకప్పులున్న బల్లని నల్లసిరాలో ముంచాను.
పత్రిక పేరుకి ఎరుపు,
ఉచిత పోస్టరు ఉందని చెప్పే ముక్కకి పసుపు,
ఆ పసుపు ఎక్కడ పెట్టాలా అని చూస్తే
కుడి పక్కన డ్రమ్ముల కుర్రాడు.

పొట్లంలోంచి వేయించిన బంగాళాదుంప ముక్క తీసి
తెరిచిన నోట్లోకి గురిచూస్తున్నాడు,
నవ్వు ఆపుకుంటూ.

బ్లేడు పెట్టి పైనుంచి కిందికి ఒక్కటే గీత గీశాను.

తర్వాత భూతద్దంలో చూస్తే ముఖమే లేదు, అన్నీ చుక్కలు.
చెయ్యిచాపు దూరం జరిగాను. అరుస్తున్నాడు.
నాకే ఒళ్ళు జలదరించింది.

ఇంటికొచ్చి బూటు విప్పితే అడుగున అంటుకుని ఉన్నాడు,
మైనం వల్ల,
మూడు వీధుల బురద తొక్కినా ఊడకుండా.

గురువారం స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డాను.
ఒక కుర్రాడు మా పత్రిక తీశాడు.
ముందు చూశాడు. తిప్పి వెనక చూశాడు,
గోడ అవతల ఇంకెవరైనా నిలబడి ఉంటారన్నట్టు.
వెనక షాంపూ ప్రకటన.
మళ్ళీ ముందుకు తిప్పి,
అంచు దగ్గర మిగిలిన ఒక మోచేతిని
బొటనవేలితో కాసేపు నిమిరి
రెండు కాపీలు కొన్నాడు.
ఒకటి అమ్మకి కాబోలు.
పిలిచి చెప్పాలనుకున్నాను. ఏం చెప్పను?
రైలొచ్చింది.

ఆ వారం పదకొండు వేలు ఎక్కువ అమ్ముడయ్యాయి.
పెట్టిగ్రూ నాకు కేకు తెప్పించాడు.
పైస్లీ నుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది:
మా ఇంట్లో గొంతెత్తడానికి లేదు,
మంచం పక్కన ఆ అట్ట అంటించుకున్నాను,
నా బదులు అతను అరుస్తున్నాడు, థాంక్స్.

నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టాను.
ఆవులింత అన్న మాట నాలుగుసార్లూ కొట్టేశాను.
ఆఖరికి ఉచిత పోస్టరొకటి మడిచి పంపాను.

డ్రమ్ముల కుర్రాణ్ణి కడిగి ఆరబెట్టాను.
బురద పోయింది, చెవి దగ్గర మడత పోలేదు.
స్నానాల గదిలో అద్దం అంచుకి అంటించాను.
పొద్దున్నే నిద్రమొహంతో
నేను నోరు తెరిచినప్పుడల్లా
ఆ ముక్క నావైపే గురి.

ఇంకా విసరలేదు.