గాజుకొండ చుట్టూ

కథ చెప్పేవాళ్ళు గుర్రాలను లెక్కపెట్టరు.
రాకుమారులెంతమందో చెప్తారు, కవచాల రంగులు చెప్తారు,
కొండకొనన ఏడేళ్ళుగా కూర్చున్న పిల్ల
జుట్టు ఎన్ని బారలో కూడా చెప్తారు.
జిద్రా లెక్కపెట్టింది.
మొన్నటి మంచుకాలం దాకా నూట పద్నాలుగు.

దౌగవా నది మలుపులో వాళ్ళ నాన్న కొలిమి.
గాజుకొండకు ముందు అదే ఆఖరిది.
వచ్చిన ప్రతివాడిదీ ఒకటే మాట:
"మేకులు పొడుగ్గా కొట్టు, పదునుగా కొట్టు."
మికెలిస్ కొట్టేవాడు. డబ్బు ముందే పుచ్చుకునేవాడు.
గిట్ట పట్టుకునే పని జిద్రాది.

పదహారేళ్ళు. కుడికాలు నాలుగు వేళ్ళు పొట్టి.
సంతలో పిల్లలు ఆమె నడక నడిచి చూపిస్తే
ఒకసారి ఆగి తప్పు దిద్దింది:
"అలా కాదు, భుజం కూడా పడాలి."

గిట్ట పట్టుకున్న చేతికి గుర్రం భయం ముందే తెలుస్తుంది.
మోకాలి వెనక సన్నగా ఒక నరం
మూతపెట్టిన గిన్నెలో నీళ్ళలా అదురుతుంది.
నల్లది, మెల్నిస్,
ఆమె జేబులో రై రొట్టె వెతుక్కుని తిని మరీ వెళ్ళింది.
పొద్దు వాలేసరికి కొండ కింద పడి ఉంది.
రాకుమారుడికి చెయ్యి బెణికింది.
అందరూ అతని చుట్టూ చేరారు.

ఆ రాత్రి మెల్నిస్ నాడాలు నాలుగూ ఊడదీసింది.
మేకులు ఇంకా కొత్తవే,
వాటిని తన బూట్ల అడుగున దిగగొట్టుకుంది.
నాన్న గురక వినబడుతూనే ఉంది.

వాళ్ళంతా నిటారుగా ఎక్కారు, చూసేవాళ్ళుంటే అలాగే ఎక్కుతారు.
జిద్రాను చూసేవాళ్ళు లేరు.
కొండను కుడిచేతి వైపు ఉంచుకుని
పక్కగా నడిచింది.
పది అడుగులు వేశాక ఆగింది.
ఏదో తేడా.
కింద చలిమంట ఎవరిదో,
పైన చుక్కలు ఎప్పటివే,
చాలాసేపు పట్టింది తెలియడానికి:
తను కుంటడం లేదు.
పొట్టికాలు మెరక మీద, పొడుగుకాలు పల్లంలో,
నడుము పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తిన్నగా.

మన భాషలో ప్రదక్షిణ అంటాం.
ఆమెకు ఆ మాట తెలియదు,
దేవుణ్ణి అడగాల్సిందీ ఏం లేదు.
తెల్లవారేదాకా తిరిగింది.

పైన పిల్లకు పేరుంది. ఎవరూ అడగలేదు గనక కథలో లేదు.
ఔస్మా.
చుట్టూ ఆపిల్ గింజలు, ఏడేళ్ళవి.
"గుర్రమేదీ?"
"లేదు. నడిచొచ్చాను."
ఔస్మా మొహం చేతుల్లో దాచుకుంది.
"పైకి వినిపిస్తుంది," అంది. "పడ్డ ప్రతిసారీ."
కాసేపటికి,
"నూట పదహారు కదా?"
"నూట పదిహేను, నిన్నటిదాంతో."
"ఒకటి రాత్రిపూట వచ్చింది.
నువ్వు నిద్రపోయి ఉంటావు."
జిద్రా ఆ ఒక్కటీ కలుపుకుంది.

దిగడం దగ్గరే చిక్కు.
ఔస్మా కాళ్ళు రెండూ సమానం, పాపం.
మెల్నిస్ నాడాలు రెండు ఒకదాని మీద ఒకటి
ఆమె ఎడమ చెప్పు కింద కట్టింది,
జుట్టు కత్తిరించి, అదే తాడుగా.
మళ్ళీ అదే వైపు తిరుగుతూ, మెల్లమెల్లగా కిందికి.
ఔస్మా రెండుసార్లు జారింది.
రెండోసారి ఇద్దరికీ నవ్వొచ్చింది,
నవ్వితే ఇంకా జారతామని
పెదాలు కొరుక్కుని నిలబడ్డారు.

చదును తగిలేసరికి ఇద్దరూ కుంటుతున్నారు.
నాడాలు విప్పబోతే ఔస్మా కాలు లాగేసుకుంది:
"ఊరు దాటేదాకా ఉండనీ."

కొలిమి ముందు కొత్త రాకుమారుడు, బూడిదరంగు గుర్రం మీద.
పైన ఎవరూ లేరని చెబితే నమ్మలేదు,
ఎదురుగా నిలబడ్డ ఔస్మాను
పనిపిల్ల అనుకుని దారి తప్పుకోమన్నాడు.
జిద్రా కళ్ళెం పట్టుకుంది.
"సరే, చూసిరా.
గుర్రం మాత్రం ఇక్కడే ఉంటుంది."

అతను ఇంకా అరుస్తూనే ఉన్నాడు.
ఆమె రెండో చెయ్యి
మోకాలి వెనక నరం మీద ఉంది,
అది ఆగేదాకా.