పద్నాలుగో నంబర్ బకెట్

దీవి నుంచి వచ్చే ఫ్లైటు
నడిరాత్రి దాటినంక దిగుతది.
బోర్డు మీద పేరు పడకముందే నాకెర్కైతది,
చీపురు కింద గచ్చు గరగరమంటది.

దుబాయి నుంచొచ్చినోళ్ళు ఇసుక తేరు.
కంబళ్ళు తెస్తరు, తాడు కట్టిన డబ్బాలు తెస్తరు,
కండ్లల్ల అప్పుల లెక్క తెస్తరు.
దీవికి పోయొచ్చినోళ్ళే
చెప్పుల సందుల, పిల్లల జేబుల,
మడిచిన ప్యాంటు అంచుల
ఇంతింత మోసుకొచ్చి
ఏడో నంబర్ బెల్టు కాడ రాల్చి పోతరు,
ముక్కు మీద తోలు లేచి, మెడల గవ్వలదండ,
అక్కడ మొదలైన కొట్లాట ఇంకా ఒడువక
"నీ వల్లనే బ్యాగు తప్పింది" అనుకుంట.

ఇసుక నాకు తెల్వనిదా?
మామిడిపల్లి ద్రాక్షతోటల కూలికి పోయినప్పటిసంది
ఎర్రమట్టి, గరుసు, గుండ్ల పొడి
అన్నీ ఈ గోళ్ళ కిందికెల్లి పోయినయే.
గీ విమానాలు ఉరికే జాగల
నేను కట్టిన తీగెలుండె అంటే
నోయెల్ సారు నవ్వుతడు.

ఇది మాత్రం అట్లకాదు.
తెల్లగ, సన్నగ,
జల్లెడ పట్టిన జొన్నపిండి లెక్క.
చెత్తల వెయ్యనీకె చెయ్యి రాలే.

దొరికిన వస్తువు రిజిస్టర్ల ఎక్కాలె, రూలు.
ఉంగరం ఎక్కించిన, దువ్వెన ఎక్కించిన,
ఒకపారి పండ్లసెట్టు గూడ.
ఇసుకను ఏ గడిల రాయాలె?
ఎవలది అంటే ఏం చెప్పాలె?

అందుకే మూలకున్న ఎర్ర బకెట్ల పోసిన.
మంటలార్పే బకెట్టు, నంబరు పద్నాలుగు.
మంజీర ఇసుక మీద దీవి ఇసుక
రోజింత, రోజింత.
నాలుగేండ్లు.

మొన్న ఫైరు చెకింగుకు ఒకాయన వచ్చిండు.
బకెట్టు బకెట్టుకు పుల్ల గుచ్చి చూస్తుండు.
పద్నాలుగు కాడ ఆగిండు.
పుల్ల పక్కకు వెట్టి చెయ్యి వెట్టిండు.
ఏళ్ళ నడుమ
బియ్యపుగింజంత గవ్వ.

"ఇదెక్కడిది?"
నోయెల్ సారు నా దిక్కు చూసిండు.
నేను చీపురు దిక్కు చూసిన.

ఆయన గవ్వను వెలుగుకు పట్టి
"మాది వేటపాలెమమ్మా" అన్నడు,
నేను అడగనే లేదు.
కాయితం మీద 'నిండుగా ఉంది' అని రాసి
గవ్వను మళ్ళ అండ్లనే పెట్టి
పైన ఇసుక సవరించిండు
పండిన పిల్లకు దుప్పటి సర్దినట్టు.

ఆ రాత్రి దీవి ఫ్లైటు మూడు గంటలు లేటు.
బెల్టు ఉత్తగ తిరుగుతున్నది,
దాని మీద ఎవరో మర్చిన గొడుగొక్కటే
చుట్టూ చుట్టూ.
అటిటు చూసిన. ఎవలు లేరు.
చెప్పు ఇడిసి
పద్నాలుగో నంబర్ల కాలు వెట్టిన.

సల్లగున్నది.
ఒక్క కాలే పట్టింది.