కిర్రు లేని చెప్పులు

మట్టలాదివారం పొద్దున
హన్మకొండ చౌరస్తాల నా గొడుగు కింద
ఆరె, సూది, మైనం పూసిన దారం.
ఎదురుంగ ఫ్లెక్సీల మీద ముగ్గురు లీడర్లు,
ముగ్గురి నెత్తిన అట్ట కిరీటాలే.
దూరంగ ఈత మట్టలు ఊగుతున్నయి.
హోసన్న అంటున్నరు.
రాజు వస్తున్నడట.

రాజు అన్న మాట మా ఇంట్ల
ముందుగాల చెప్పుల్నుంచే వినవడ్డది.

మా తాత ఓదెలు, పరకాల దిక్కు గడికి
ఏడాదికి రెండు జతల కిర్రు చెప్పులు
వెట్టికి కుట్టి ఇచ్చెటోడు.
అట్టల నడుమ ఏం పెడితే కిర్రుమంటదో
తాతకే ఎరుక.
ఆ సప్పుడు మలుపు తిరగకముందే
వాడకట్టంత లేచి నిలవడాలె.
సప్పుడు కుట్టినోడు మాత్రం
గడి ముంగట తన చెప్పులు
చేతిల పట్టుకొని నడవాలె.
కొలతకు దొర కాలు ముట్టనియ్యరు.
మట్టిల పడ్డ అడుగు మీద దారం పరిచి
కొలుసుకొని పోవాలె.

ఒక రాత్రి వాడల, కందీలు కింద
సంతోషం అయ్యగారు చదివిండు:
ఏటి ఒడ్డున ఒంటె వెంట్రుకల బట్ట కట్టినోడొకడు
వచ్చే రాజు చెప్పుల వారు విప్పేటందుకు సుత
తను తగనన్నడని.
తాత నడుమల లేచిండు.
"గా చెప్పులు కుట్టింది ఎవలయ్యా?"
అయ్యగారు పుస్తకంల ఎతికిండు.
"పేరు రాయలేదు ఓదెలూ."
"కూలి ఇచ్చిండా?"
వాడంత నవ్వింది. అయ్యగారు నవ్వలే.
పేజీలు తిప్పి తిప్పి
రాజు నడుముకు తువ్వాల చుట్టుకొని
కూసున్నోళ్ల కాళ్లు కడిగిన కాడికి పోయిండు.
తాత తన కాళ్లను
గోనె పట్టా కిందికి ముడుసుకున్నడట.
అవ్వ ఆ సంగతి ఎన్నడూ నవ్వకుంట చెప్పలే,
కండ్లు తుడుసుకోకుంట సుత చెప్పలే.

వాగుల మునిగి లేచి తాత జక్కయ్య అయిండు.
ఆ ఎండకాలమే రాజుకొక జత కుట్టిండు.
కొలత ఎవలిది తీసినవంటే
జీతగాడు సాయిలుది అన్నడు,
పగుళ్లల్ల జొన్నగింజ దాగే కాళ్లు.
రెండు నెలలు పట్టింది.
కిర్రు మాత్రం పెట్టలే.
"మరి గాయన అచ్చుడు ఎట్ల ఎరుకైతది?"
"భయపడి లేచెటోళ్లు గాయనకు వద్దు."

గుడిసె గుడి తలుపు పక్కన
ఏడేండ్లున్నయి ఆ చెప్పులు.
అవ్వ ఆముదం రాసేది, ఎలుకల్ని అదిలిచ్చేది.
ఎనిమిదో ఏడు, ఇసొంటి మట్టలాదివారమే,
చూస్తే లేవు.
అందరు దొంగను ఎతుకుతుంటే
తాత గడప మీద కూసొని బీడి ముట్టిచ్చి
"ఎత్కపోలేదుర, ఏస్కపోయిండు" అన్నడు.

తాత నమ్మిక నాకున్నదని చెప్పలేను.
కొన్ని ఆదివారాలు గుడి కన్న దుకాణమే ముందు,
ఇయ్యాల లెక్క.
గడి కూలింది. గోడలు మేకలెక్కుతున్నయి.
కోట కాడ రాజుల తోరణాలు
తలుపుల్లేకుంట నిలవడ్డయి, టికెట్టుకు.
ఎవల రాజ్యమైనా గింతే అనుకుంటనే
నా పీట మీదికి ఏ కాలొచ్చినా
ముందుగాల మడిమె చూస్త.
ఎందుకు చూస్తనో
మా ఇంటామెకు సుత చెప్పలే.

మట్టలు దగ్గరికొచ్చినయి.
గుంపు చివర ఒక పిల్లగాడు,
ఎనిమిదేండ్లుంటయేమో,
తెగిన చెప్పు చేతిల పట్టుకొని
కుంటుకుంట, హోసన్న అనుకుంట.

"ఇటు రా బిడ్డా."
రెండు కుట్లు. వారు బిగిసింది.
"తొడుక్కో.
గీ రాజు ముంగట
చెప్పులు చేతిల పట్టుకొని నడిచేది లేదు."

వాడు తొడుక్కున్నడు.
జేబుల ఎతికి ఎతికి
రెండు రూపాయల బిళ్ల పీట మీద పెట్టి
మట్ట ఊపుకుంట ఉరికిండు.

తీస్కున్న.
కూలి కూలే.